బాట్ మిట్స్‌వా పిలుపు వచ్చింది: ఇది ఉపనయనమా, ఓణీల ఫంక్షనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు న్యూజెర్సీలో ఉంటారు, మీ పాప ఏడో తరగతి. క్లాసులో ఉన్న యూదుల అమ్మాయి బాట్ మిట్స్‌వాకి కార్డు వచ్చింది. ఇది మన ఉపనయనం లాంటిదా, ఆడపిల్ల కాబట్టి పెద్దమనిషి అయిన ఫంక్షనా, సినగాగ్‌లో అంటే వాళ్ళ ప్రార్థనా మందిరంలో ఎలా ఉండాలి, ఏం ఇవ్వాలి, శాకాహారులం కదా అక్కడ తినగలమా అని అడిగారు. నేను రాజమండ్రి మనిషిని. మా ఆయనది యూదు కుటుంబం. మా అబ్బాయికి, తర్వాత అమ్మాయికి ఇంట్లో ఈ తంతు జరిపించాను, చుట్టాలవీ స్నేహితులవీ చాలా చూశాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు పెద్దమనిషి ఫంక్షన్ సంగతి తేల్చేస్తాను. మా అమ్మాయి వేడుకకి ఫొటోలు పంపితే మా పిన్ని ఫోన్ చేసి "ఎప్పుడైందే?" అని గుసగుసగా అడిగింది. అలాంటిదేమీ కాదు. అమ్మాయి రజస్వల అయిందా లేదా అన్నదానితో ఈ వేడుకకి సంబంధం లేదు. పాత ధర్మశాస్త్ర చర్చల్లో పెద్దవాళ్ళ కింద లెక్కేయడానికి వయసుతోపాటు శరీరం ఎదుగుదల ప్రస్తావన ఉంది, ఆ మాట నిజమే. కానీ ఆచరణలో చూసేది వయసునే. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి హారతులివ్వడం, ఇంట్లో ఎవరూ బయటికి చెప్పుకోని విషయానికి ఊరందరికీ భోజనాలు పెట్టడం ఇక్కడ ఉండవు. మీ పాపకి కూడా ముందే చెప్పండి, అక్కడికెళ్ళి తెలియక ఏదైనా అడిగేస్తే ఇద్దరు పిల్లలూ ఇబ్బంది పడతారు.

ఇక అసలు విషయం. యూదుల ధర్మం ప్రకారం మగపిల్లవాడికి 13 ఏళ్ళు నిండితే, ఆడపిల్లకి 12 నిండితే, వాళ్ళు మతపరంగా పెద్దవాళ్ళు. దానికి ఏ తంతూ అక్కర్లేదు. సినగాగ్‌కి వెళ్ళకపోయినా, ఒక్క అక్షరం చదవకపోయినా, పార్టీ చేయకపోయినా, పుట్టినరోజు రాగానే ఆ పిల్ల బాట్ మిట్స్‌వా అయిపోయినట్టే (మగపిల్లవాడైతే బార్ మిట్స్‌వా అంటారు). అంటే ఆజ్ఞలకు కట్టుబడాల్సిన మనిషి అయిందని అర్థం. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్తం రోజున పూర్తి ఉపవాసం ఉండాలి, చేసిన పనికి తనే జవాబు చెప్పుకోవాలి. ఇక్కడే ఉపనయనానికీ దీనికీ పెద్ద తేడా. ఉపనయనం సంస్కారం. చేస్తేనే ఒడుగు అయినట్టు, చేయకపోతే కానట్టు. బార్ మిట్స్‌వా అలా కాదు. మార్పు ముందే జరిగిపోయింది, దాన్ని నలుగురి ముందు చూపించడానికే వేడుక. "నీకు బార్ మిట్స్‌వా చేశారా" అని అమెరికాలో అందరూ అంటారు కానీ, సంప్రదాయం తెలిసిన రబ్బీ (మతగురువు) దగ్గర అంటే చిరునవ్వు నవ్వి సరిదిద్దుతాడు.

ఇంకో తేడా నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఉపనయనంలో తండ్రి వస్త్రం కప్పి పిల్లవాడి చెవిలో గాయత్రి చెబుతాడు. మంత్రం రహస్యంగా అందుతుంది, చదువు ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఇక్కడ పిల్ల ఎత్తైన వేదిక మీద నిలబడి గొంతెత్తి చదువుతుంది, తాతలు, పక్కింటివాళ్ళు, స్కూలు పిల్లలు అందరూ వింటారు. చదువు మొదలయ్యే రోజు కాదు, చదివింది ఒప్పజెప్పే రోజు. అందుకే ఆ ఇంట్లో ఆ ఏడాది అంతా ఒకటే టెన్షన్.

ఆ టెన్షన్ ఎందుకో తెలియాలంటే ఆ చదువు ఏమిటో తెలియాలి. తోరాని, అంటే వాళ్ళ పవిత్రగ్రంథాన్ని, ఏడాది పొడుగునా వారానికో భాగం చొప్పున సినగాగ్‌లో చదువుతారు, మొత్తం 54 భాగాలు. పిల్ల పుట్టినరోజు దగ్గరి శనివారానికి ఏ భాగం వస్తే అదే ఆమెది. ఎంచుకోవడానికి వీల్లేదు. చదవాల్సింది అచ్చు పుస్తకంలోంచి కాదు, తోలు మీద చేత్తో రాసిన చుట్టలోంచి. అందులో 3,04,805 అక్షరాలు ఉంటాయి, ఒక్క అక్షరం చెరిగినా బాగుచేసేదాకా ఆ చుట్టని చదవడానికి తీయరు. హీబ్రూలో హల్లులే రాస్తారు. అచ్చులు సూచించే చుక్కలు, గీతలు మామూలు పుస్తకాల్లో ఉంటాయి గానీ ఆ చుట్టలో ఉండవు. వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఉండదు. ఏ మాటని ఏ రాగంలో పలకాలో చెప్పే స్వరచిహ్నాలూ ఉండవు. ఇవన్నీ పిల్ల నోటికి వచ్చి ఉండాలి. దానికోసం తిక్కూన్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఒక వరసలో గుర్తులన్నీ పెట్టిన పాఠం, పక్క వరసలో చుట్టలో ఉన్నట్టే బోడి అక్షరాలు. ఇటు చూసి నేర్చుకోవాలి, అటు చూసి చదవగలగాలి. మా అబ్బాయి నెలల తరబడి ఫోన్‌లో టీచర్ రికార్డు చేసిచ్చిన రాగం వింటూ, కార్లో, స్నానాల గదిలో, ఎక్కడపడితే అక్కడ పాడుతుండేవాడు. మాకందరికీ కంఠతా వచ్చేసింది.

చదివేటప్పుడు చుట్ట మీద వేలు పెట్టకూడదు. చివర చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరస చూపిస్తూ చదువుతారు. పక్కన ఒకరిద్దరు పుస్తకం పట్టుకుని నిలబడతారు. అర్థం మారేలా తప్పు పలికితే అక్కడికక్కడే పైకి చెప్పి మళ్ళీ చదివిస్తారు. మొదటిసారి చూసినవాళ్ళకి "పాపం చిన్నపిల్లని అందరిముందు ఇలా సరిదిద్దుతారేమిటి" అనిపిస్తుంది. పెద్ద రబ్బీ చదివినా అలాగే సరిదిద్దుతారు, చిన్నా పెద్దా తేడా లేదు. ఆ రోజు నుంచి ఆ పిల్లకీ అదే లెక్క.

చదవడంతో అయిపోదు. ఆ వారం భాగం మీద పిల్ల ప్రసంగం ఇవ్వాలి. అదృష్టం ఉంటే ఎర్రసముద్రం చీలిన కథో, పది ఆజ్ఞలో వస్తాయి. మా అబ్బాయికి తజ్రియా, మెట్సోరా వచ్చాయి. తోరా మూడో పుస్తకం లేవీయకాండంలో చర్మరోగాల గురించి, ఇంటి గోడలకి పట్టిన బూజు గురించి, ఎవరు ఎన్నాళ్ళు శిబిరం బయట ఉండాలన్న దాని గురించి పేజీలకి పేజీలు. పదమూడేళ్ళ కుర్రాడు దీని మీద ఏం మాట్లాడతాడు? వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. చివరికి ఒక చిన్న వాక్యం పట్టుకున్నాడు: రోగికి నయమైందో లేదో చూడడానికి యాజకుడే శిబిరం దాటి బయటికి వెళ్ళాలి అని అందులో ఉంది. వెలివేసినవాణ్ణి లోపలికి రమ్మనడం కాదు, పెద్దమనిషే బయటికి నడిచి వెళ్ళాలి అన్నాడు. వాళ్ళ స్కూల్లో భోజనం దగ్గర ఒంటరిగా కూర్చునే పిల్లల గురించి చెప్పాడు. ఇలాంటి ప్రసంగాల్లో సగం తల్లిదండ్రులు రాసిచ్చినవే ఉంటాయి, దాచడమెందుకు. కానీ పిల్ల సొంతంగా రాసుకున్నది వింటే ఇట్టే తెలిసిపోతుంది. మీరు వెళ్ళినప్పుడు హీబ్రూ అర్థం కాకపోయినా ఇది మాత్రం శ్రద్ధగా వినండి, ఇంగ్లీషులోనే ఉంటుంది.

ఈ పుట్టినరోజు లెక్క మన తెలుగువాళ్ళకి చప్పున అర్థమవుతుంది. వాళ్ళదీ చాంద్రమాన నెలలతో నడిచే పంచాంగమే, 19 ఏళ్ళలో ఏడుసార్లు అధికమాసం వస్తుంది. అదార్ అనే నెల ఆ ఏడు రెండుసార్లు వస్తుంది. దీనివల్ల ఒక తమాషా ఉంది. అధికమాసం ఉన్న ఏడాది ఒక కుర్రాడు మొదటి అదార్ చివర్లో పుట్టాడు, ఇంకొకడు రెండో అదార్ మొదట్లో పుట్టాడు అనుకోండి. పదమూడేళ్ళ తర్వాత వచ్చేది మామూలు ఏడాది అయితే అదార్ ఒకటే ఉంటుంది. అప్పుడు చిన్నవాడికే ముందు బార్ మిట్స్‌వా వస్తుంది, పెద్దవాడు నెలాఖరు దాకా ఆగాలి. రోజు కూడా అర్ధరాత్రితో మారదు, సాయంత్రం పొద్దు గుంకడంతో మొదలవుతుంది.

మరి ఈ వేడుక ఎప్పటిది అంటే, అనుకున్నంత పాతది కాదు. 13 ఏళ్ళ వయసు మిష్నా అనే పాత ధర్మసంకలనంలోనే ఉంది గానీ, వేడుక మాట దాని మీద చర్చలున్న తల్ముద్‌లో లేదు. పైగా మిష్నా ప్రకారం చిన్నపిల్లవాడు కూడా సినగాగ్‌లో తోరా చదవచ్చు. యెమెన్ యూదుల్లో ఈ మధ్య కాలం దాకా చిన్నపిల్లలే లేచి తోరాకి ఆరామిక్ అనే పాత భాషలోని అనువాదం చదివేవారు. మధ్యయుగాల్లో జర్మనీ, దాని చుట్టుపక్కల యూదులు పిల్లల్ని చుట్ట దగ్గరికి పిలవడం, ప్రార్థనప్పుడు కట్టుకునే టెఫిలిన్ కట్టించడం 13 నిండాకే అని మెల్లగా గట్టి చేశారు. చిన్నప్పుడే చేయగలిగినదాన్ని ఆపితే, ఆ ఆంక్ష తీరే రోజు దానంతటదే పండగ అవుతుంది కదా. అలా పుట్టింది ఇది. 16వ శతాబ్దం నాటికి పోలండ్‌లో విందులు కూడా మామూలైపోయాయి, విందుల ఆడంబరం మీద పెద్దల సణుగుడు అప్పటినుంచే ఉంది. మాన్‌హాటన్ హోటల్లో జరిగే పార్టీలు చూసి "పాడుచేశారు" అనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తండ్రి చెప్పే ఒక చిన్న మాట ఉంది. కొడుకు చదవడం అయ్యాక, "వీడి శిక్ష నుంచి నన్ను విడిపించినవాడికి స్తోత్రం" అంటాడు. ఇది మిద్రాష్ అనే పాత వ్యాఖ్యానంలోంచి వచ్చింది. ఇప్పటిదాకా పిల్లవాడి తప్పులు నా ఖాతాలో, ఇక వాడి ఖాతాలో అని. వినడానికి కాస్త మొరటుగా ఉంటుంది, జనం నవ్వుతారు కూడా. మా ఆయన చెప్పేటప్పుడు మాత్రం గొంతు పట్టేసింది. పాటించేవాళ్ళ ఇళ్ళలో బార్ మిట్స్‌వా లెక్కకి సంబంధించిన మాట కూడా. సామూహిక ప్రార్థనకి పదిమంది పెద్దవాళ్ళు ఉండాలి. సంప్రదాయం గట్టిగా పాటించే ఆర్థడాక్స్ వాళ్ళు మగవాళ్ళనే లెక్కిస్తారు, మిగతా చాలాచోట్ల ఆడవాళ్ళనీ లెక్కిస్తారు. నిన్నటిదాకా లెక్కలో లేని పిల్లవాడు ఇవాళ పదోవాడు అవుతాడు. చలికాలం పొద్దున్న తొమ్మిదిమంది కూర్చుని ఎదురు చూస్తుంటే వాడు తలుపు తోసుకుని వచ్చాడంటే, ఆ ముసలాళ్ళ ముఖాలు చూడాలి. పార్టీలో ఎవరూ వాణ్ణి అంత సంతోషంగా చూసి ఉండరు.

టెఫిలిన్ అన్నాను కదా. తోరాలోని నాలుగు భాగాలు రాసిన తోలు ముక్కలు ఉన్న చిన్న నల్ల పెట్టెలు, తోలు పట్టీలతో చేతికీ నుదుటి పైనా కట్టుకుంటారు. దీన్ని చూసి మనవాళ్ళు జంధ్యం అంటారు. పోలిక పైపైనే. ఒంటి మీద ఎప్పుడూ ఉండదు, పొద్దున ప్రార్థనకి కట్టి విప్పేస్తారు, శనివారం అసలు కట్టరు. అందుకే టెఫిలిన్‌తో వేడుక చేయాలనుకునేవాళ్ళు సోమవారమో గురువారమో పెట్టుకుంటారు, ఆ రెండు రోజులూ తోరా చదువుతారు గనుక. జెరూసలేంలో యూదులు ప్రార్థించే పడమటి గోడ దగ్గర ఆ రెండు రోజుల్లో డప్పులు, కొమ్ముబూరలతో పిల్లల్ని ఊరేగింపుగా తీసుకొస్తారు. మన ఊళ్ళో పెళ్ళికొడుకు ఊరేగింపుకి ఏమాత్రం తీసిపోదు.

ఆడపిల్లల సంగతి వేరే కథ, మీకొచ్చిన పిలుపు దానికే కాబట్టి కాస్త చెబుతాను. 12 ఏళ్ళకి ఆడపిల్ల బాధ్యురాలవుతుందన్నది పాతదే. కానీ సినగాగ్‌లో ఆమెకి చేసేదేమీ ఉండేది కాదు. 19వ శతాబ్దంలో బాగ్దాద్‌లోని ప్రసిద్ధ రబ్బీ యోసెఫ్ హయీమ్, అమ్మాయికి 12 నిండిన రోజు కొత్తబట్టలు కట్టించి సంతోషంగా జరుపుకోమని రాశాడు, అది ఇంటివరకే. అమెరికాలో మొదటిదని చెప్పుకునేది 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జరిగింది. రబ్బీ మొర్దెకాయ్ కప్లాన్ తన పెద్ద కూతురు జూడిత్‌ని ముందుకి పిలిచాడు. ఆమెకి అప్పటికి పన్నెండున్నర. చుట్టలోంచి చదవనివ్వలేదు, కాస్త దూరంగా నిలబడి తన అచ్చు పుస్తకంలోంచి చదివింది. పైకప్పేమీ కూలలేదు. ఆ తర్వాత కూడా చాలా సినగాగ్‌లలో ఆడపిల్లలకి శుక్రవారం రాత్రి వేడుక పెట్టేవారు. ఎందుకంటే ఆ రాత్రి తోరా చదవడం ఉండదు, గొడవ లేదు! శనివారం పొద్దున్నే అబ్బాయిలతో సమానంగా చుట్టలోంచి చదవడం మామూలు కావడానికి 1970లు, 80లు దాకా పట్టింది. జూడిత్ మాత్రం 1992లో, 82 ఏళ్ళ వయసులో మళ్ళీ ఒకసారి బాట్ మిట్స్‌వా చేసుకుంది.

ఇప్పుడు మీరు వెళ్ళేది ఎలాంటి సినగాగ్ అన్నదాన్ని బట్టి చూడబోయేది మారుతుంది. ఆచారాల్లో సడలింపు ఉన్న రిఫార్మ్, మధ్యేమార్గంగా ఉండే కన్సర్వేటివ్ శాఖలది అయితే అమ్మాయీ అబ్బాయీ ఒకేలా చదువుతారు, చాలాచోట్ల అమ్మాయిలకి కూడా 13కే చేస్తారు. ఆర్థడాక్స్ అయితే ఆడవాళ్ళు వేరే వైపు కూర్చుంటారు, అమ్మాయి మగవాళ్ళ ముందు చుట్టలోంచి చదవదు. ఆడవాళ్ళ సభలోనో విందులోనో ప్రసంగం ఇస్తుంది. మా ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. సంప్రదాయం ప్రకారం తల్లి యూదు అయితేనే పిల్లలు యూదులు. నేను మతం మారలేదు. అమెరికా రిఫార్మ్ రబ్బీల సభ 1983లో, తల్లో తండ్రో ఎవరో ఒకరు యూదు అయి, పిల్లల్ని యూదులుగా పెంచితే చాలని తీర్మానించింది. మా పిల్లల బార్ మిట్స్‌వాలు ఆ దారిలోనే జరిగాయి. ఆర్థడాక్స్ బంధువులు కొందరు రాలేదు, వచ్చినవాళ్ళు కొందరు మనసులో ఒప్పుకోలేదు, అది వాళ్ళ ధర్మం. చుట్టని తాతల చేతుల్లోంచి తల్లిదండ్రుల చేతుల్లోకి, అక్కడినుంచి పిల్లల చేతుల్లోకి అందించే ఘట్టం ఒకటి రిఫార్మ్ వాళ్ళు చేస్తారు. నేను అందుకోవచ్చా లేదా అని రబ్బీతో ముందే మాట్లాడుకోవాల్సి వచ్చింది. పక్కన నిలబడమన్నారు, నిలబడ్డాను. రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్న మాత్రం, "అన్నీ బాగున్నాయి గానీ పురోహితుడికి దక్షిణ ఎప్పుడు ఇస్తారే" అని ప్రార్థన మధ్యలో అడిగాడు.

ఇక మీకు కావలసిన పనికొచ్చే మాటలు. కార్డులో ఇచ్చిన సమయం సినగాగ్‌దా పార్టీదా చూసుకోండి, రెండూ వేర్వేరు. పొద్దున్న ప్రార్థన రెండు మూడు గంటలు సాగుతుంది. యూదేతరులు ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు, అసలు ఘట్టం మధ్యలో ఉంటుంది. పార్టీకి మాత్రమే వెళ్ళడం తప్పు కాదు గానీ, ఆ అమ్మాయి సంవత్సరం పాటు పడిన కష్టం అంతా పొద్దున్నే ఉంటుంది, కుదిరితే దానికే వెళ్ళండి. బట్టలు భుజాలు కప్పేలా ఉంటే చాలు, పట్టులంగా వేసినా చక్కగా ఉంటుంది. గుమ్మం దగ్గర బుట్టలో చిన్న టోపీలు ఉంటాయి, మగవాళ్ళు ఎవరైనా ఒకటి పెట్టుకోవాలి. అంచుల్లో కుచ్చులున్న శాలువా మాత్రం తీసుకోకండి, అది యూదులకే. పెట్టె తలుపులు తెరిచి చుట్ట బయటికి తీసినప్పుడు అందరితోపాటు లేవండి. పుస్తకం పేజీలు ఎడమ నుంచి కుడికి తిప్పాలి. ఎవరో ఒకరు పేజీ నంబరు చెబుతూనే ఉంటారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో పడేయండి, శనివారం ఫొటోలు తీయనివ్వని సినగాగ్‌లు చాలా ఉన్నాయి. చదవడం అవగానే జనం మెత్తటి చాక్లెట్లు పిల్ల మీదికి విసురుతారు. మీ పాపకి కూడా పంచిపెడితే విసరమనండి, గట్టిగా గురిపెట్టి కాదు.

కానుక సంగతి. శనివారం పొద్దున్న సినగాగ్‌కి కవరు తీసుకెళ్ళకండి, షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) పాటించేవాళ్ళు ఆ రోజు డబ్బు ముట్టుకోరు. సాయంత్రం పార్టీలో ఇవ్వండి, లేదా పోస్టులో పంపండి. మనం నూట పదహార్లు ఇచ్చినట్టే వాళ్ళు 18 గుణిజాల్లో ఇస్తారు. హీబ్రూలో అక్షరాలకి అంకెలు ఉంటాయి, జీవం అనే మాట లెక్క 18 అవుతుంది. క్లాస్‌మేట్ అంటే 36 గానీ 54 గానీ డాలర్ల చెక్కు చాలు. చాలామంది పిల్లలు ఆ డబ్బులో కొంత ఏదైనా సేవకి ఇస్తారు. బంగారం, వెండి సామాన్లు ఇచ్చి వాళ్ళని ఇబ్బంది పెట్టకండి, మనవాళ్ళు ఒకరు వెండి దీపపు కుందులు ఇస్తే ఆ పిల్ల తల్లి నాకు ఫోన్ చేసి "ఇవి ఏం చేయాలి" అని అడిగింది.

తిండి గురించి జాగ్రత్తగా చదవండి, ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. కోషర్ అంటే శాకాహారం కాదు. మాంసం, పాలు కలపకూడదన్నది నియమం. పాలతో చేసిన భోజనం అని చెబితే మాంసం ఉండదు గానీ చేప, గుడ్డు ఉండొచ్చు. పారెవ్ అని రాసి ఉంటే పాలూ మాంసమూ రెండూ లేవని అర్థం, చేప, గుడ్డు అందులోనూ రావచ్చు. జడలా అల్లిన హాలా రొట్టెలో గుడ్డు వేస్తారు. ప్రార్థన తర్వాత పెట్టే కిడ్డుష్ భోజనంలో సలాడ్లు, రొట్టె, పళ్ళు, హమ్మస్ ఉంటాయి, పాప ఆకలితో ఉండదు. సాయంత్రం పార్టీ అయితే జవాబు కార్డులో శాకాహారం అని రాసేయండి. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా రాయండి, లేకపోతే వాళ్ళకి తట్టదు.

పాపని ఒంటరిగా పంపాలా అన్నారు. కవరు మీద పాప పేరు ఒక్కటే ఉంటే పిలుపు పాపకే. కుటుంబం అని ఉంటేనే మీరు కూడా. ఏడో తరగతి పిల్లల్ని తల్లిదండ్రులు దింపి వెళ్ళి రాత్రికి తీసుకెళ్ళడం ఇక్కడ మామూలే, లోపల చూసుకోవడానికి పెద్దవాళ్ళు ఉంటారు. పార్టీలో ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తి చుట్టూ గుండ్రంగా ఆడతారు, పాపకి చెప్పులు గట్టిగా ఉండేవి వేయండి, కాళ్ళు తొక్కించుకుంటుంది. ఎవరైనా ఎదురైతే "మజెల్ తోవ్" (శుభాకాంక్షలు) అని చెబితే సరిపోతుంది. జవాబు కార్డు మాత్రం ఆలస్యం చేయకండి. మనవాళ్ళు "చూద్దాంలే" అని ఊరుకుంటారు, అక్కడ ప్లేటుకి ఇంత అని హాలువాళ్ళకి ముందే డబ్బు కట్టాలి.